పది సీట్ల బండి కొనాలా వద్దా? మా ఇంట్లో తేలిన లెక్క

మిరప నార్ల పనిలో పడి నెల రోజులుగా ఇటు వైపు రాలేదు. ఈ నెలంతా మా ఇంట్లో ఒకటే గోల. పది సీట్ల బండి కొందామని పెద్దోడు, వద్దని నేను, మధ్యలో అందరూ. ఇదే గోల మీ ఇళ్లల్లో కూడా నడుస్తా ఉందని నాకు తెలుసు. మా ఊళ్లోనే ముగ్గురు అడిగారు నన్ను, "ఏం చేత్తన్నావ్ బాబాయ్, తీసుకుంటన్నారంట గదా" అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. కొంచెం పొడుగవుద్ది, ఓపిక చేసుకుని చదవండి.

ముందు మా ఇంటి లెక్క చెప్తా. అమ్మ, నేను, మా ఆవిడ, పెద్దోడు, కోడలు, వాళ్ల పిల్లలిద్దరు. పక్కింట్లోనే తమ్ముడు, మరదలు, వాళ్లకో అమ్మాయి, అబ్బాయి. మొత్తం పదకొండు. అంటే పది సీట్ల బండి కొన్నా ఒకరు మిగులుతారు, ఆ సంగతి ఎవరూ పైకి అనరు. "చిన్నది ఒళ్లో కూర్చుంటదిలే" అంటారు. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, మనవడు హైదరాబాదు నుంచి దిగితే పద్నాలుగు. మాకున్నవి రెండు మోటారు సైకిళ్లు, ఒక ట్రాక్టరు. ఇన్నేళ్లూ పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ ట్రాక్టరు ట్రక్కే మా బస్సు. మీలో చాలామందికీ అంతే.

ఆ ట్రక్కు సంగతి చెప్పకుండా ఈ బండి సంగతి చెప్పలేను. మూడేళ్ల కింద మేనల్లుడి పెళ్లికి ఇరవై రెండు మందిమి ట్రక్కులో పోయాం. అడుగున వరిగడ్డి వేసి, దాని మీద పట్టా పరిచి, పిల్లలు పాటలు పాడుకుంటా బాగానే పోయాం. తిరిగొచ్చేటప్పుడు రాత్రి పది దాటింది. రోడ్డు మీద సగం దాకా ఎవరో జొన్నలు ఆరబోసి, అంచున రాళ్లు పెట్టారు. లైటు వెలుగులో రాళ్లు కనబడేసరికి దగ్గరకొచ్చేశా. బ్రేకు కొట్టా. ట్రక్కు ఊగింది, వెనక డోరు కొక్కెం ఊడింది. డోరుకి ఆనుకుని కూర్చున్న మా పిన్ని, అంటే మా అమ్మకి సొంత చెల్లెలు, రోడ్డు మీద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనూ మందులూ అన్నీ కలిపి లక్షా ఎనభై వేలు దాకా అయింది. డబ్బు పోతే పోయింది, ఆమె ఇప్పటికీ చేతికర్ర లేకుండా నడవలేదు. ట్రాక్టరు తోలింది నేనే.

ట్రాక్టరు ఇన్సూరెన్సు ఉందిగదా అని ఏజెంటుని అడిగితే, "వ్యవసాయం పనికి రాసిన పాలసీ అండీ ఇది, ట్రక్కులో ఎక్కిన మనుషులకి రాదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ట్రక్కు సరుకు కోసం, మనుషుల కోసం కాదు. మనం కూర్చుంటాం గాబట్టి అది బండి అయిపోదు. ఆ రోజు నుంచి మా ఆవిడ ట్రక్కు ఎక్కడం మానేసింది. నేను బలవంతం చేయలా.

కాబట్టి పెద్దోడు పది సీట్ల బండి అన్నప్పుడు ఆడంబరం కోసం అంటున్నాడని నేను అనుకోలేదు. మంచి మనసుతోనే అన్నాడు. "పదిమందిమి ఒకేసారి పోవచ్చు నాన్నా, నానమ్మకి సీటుంటది, ఏసీ ఉంటది" అన్నాడు. సరే, పోయి చూద్దాం పదమన్నా.

మార్కెట్లో ఏమున్నాయో తెలియనోళ్లకి రెండు ముక్కలు. ఈ రకం పెద్ద బండ్లలో మనకి బాగా తెలిసిన పేరు ఫోర్స్ కంపెనీది. వెనక బజాజ్ టెంపో అనేవాళ్లే, 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకున్నారు. మనం ఇప్పటికీ టెంపో ట్రావెలర్ అంటం గదా, అది ఆ పాత పేరే. వాళ్లవే తుఫాను, క్రూయిజర్ అని మన రోడ్ల మీద తిరిగేవి. క్రూయిజర్‌లో వెనక భాగాన ఎదురెదురుగా బల్లలుంటాయి. 2023లో సిటీలైన్ అని ఒకటి దించారు. అందులో డ్రైవర్‌తో కలిపి పది సీట్లు, నాలుగు వరసలు, అన్నీ ముందుకే చూస్తాయి. అప్పట్లో షోరూం ధర పదహారు లక్షలకు దగ్గరగా పెట్టారు. టాటా వాళ్ల వింగర్ 2007 నుంచి ఉంది, అది ఇంకా పెద్ద బాపతు. చిన్న చివరన మారుతి ఈకో. ఆమ్ని ఆగిపోయాక ఊళ్లల్లో దాని చోటు ఇదే తీసుకుంది. ఇవన్నీ వ్యాను కట్టుబడి బండ్లు. కారులాగా సోకు ఉండదు, లోపల చోటు మాత్రం ఉంటది.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. డ్రైవర్‌తో కలిపి పదిమంది, అంతకన్నా ఎక్కువమంది ఎక్కే బండ్ల మీద 28 శాతం ఉన్నది 18కి దిగింది. నాలుగు మీటర్లు దాటిన పెద్ద కార్లేమో 40 శాతంలో పడ్డాయి. అందుకే ఇప్పుడు షోరూంలో మనం ఏడు సీట్ల పెద్ద కారు అడిగితే, "దానికంటే ఈ పది సీట్లది తీసుకోండి, పన్ను తక్కువ" అని తిప్పుతున్నారు. నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండ్లకీ 18 శాతమే అని మాత్రం వాళ్లు చెప్పరు, మనమే అడగాలి.

సరే, గుంటూరు పోయాం. కంపెనీ పేరు చెప్పను, ఒక పది సీట్ల బండి చూశాం. అమ్మని తీసుకుపోవడం మంచిదైంది. ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్లు అరిగిపోయినయ్. బండి ఎత్తుగా ఉంది. మెట్టు మీద కాలు పెట్టింది గానీ రెండో కాలు లేవలేదు. షోరూం కుర్రాడు పరిగెత్తి ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు. నేనూ పెద్దోడూ చెరో రెక్క పట్టి ఎక్కించాం. ఎక్కాక బాగుందంది పాపం. దిగేటప్పుడు మళ్లీ అదే తంతు. ఊళ్లో, గుడి దగ్గర, ఆస్పత్రి ముందు ప్రతిసారీ ఇద్దరు మనుషులు, ఒక స్టూలు కావాలి. కాగితం మీద చూస్తే ఈ సంగతి తెలియదు. ఎవరి పేరు చెప్పి బండి కొంటున్నారో ఆ ముసలోళ్లని తీసుకెళ్లి ఎక్కించి, దించి చూడండి.

రెండోది. టెస్టు డ్రైవు అనగానే మనం స్టీరింగ్ దగ్గర కూర్చుంటాం. నేను అట్టా కూర్చోలేదు. "మీరు తోలండి, నేను కడాపటి వరసలో కూర్చుంటా" అన్నా. కుర్రాడు నవ్వాడు. ఊరి బయట గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పమన్నా. వెనక చక్రాల మీద కూర్చున్నట్టే, ప్రతి గుంటా నడుముకి తెలుస్తది. ఇట్టాంటి బండ్లలో ఆ వరసలో కూర్చునేది ఎవరు? పిల్లలూ, కొత్త కోడళ్లూ. ముందు సీటులో కూర్చునే నాకు బండి బాగానే ఉంటది మరి.

అక్కడే సీటు బెల్టు సంగతీ చూడండి. ముందుకు చూసే వెనక సీట్లకి కూడా బెల్టు పెట్టుకోవాలని రూలు ఉంది. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ గారు, టాటా సన్స్ మాజీ ఛైర్మన్, అంత ఖరీదైన కారులో వెనక సీటులో కూర్చుని చనిపోయారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అంతటి కారే కాపాడలేకపోయింది. మరి మన చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే ఏ బెల్టు పట్టుకుంటది? ఎదురెదురు బల్లల బండిలో అడ్డంగా కూర్చున్నోడు బ్రేకు పడితే పక్కోడి మీద పడతాడు. మా పిన్నిని చూశాక నాకు ఈ చాదస్తం పట్టుకుంది, మీరు నవ్వుకున్నా సరే.

ఇప్పుడు డబ్బు లెక్క. మాకు చెప్పినదాని ప్రకారం ఐదు లక్షలు ముందు కట్టి పదమూడు లక్షలు లోను తీసుకుంటే, ఐదేళ్లకి నెలకు ఇరవై ఎనిమిది వేలకి దగ్గర వాయిదా. ఏడాదికి మూడు లక్షల ముప్పై ఆరు వేలు. ఇన్సూరెన్సూ డీజిలూ టైర్లూ వేరే. ఉద్యోగస్తుడికి నెల నెలా జీతం వస్తది, నెల నెలా వాయిదా పోద్ది. మనకి నెల నెలా వచ్చేదేముంది? మిర్చి డబ్బు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, అదీ యార్డులో రేటు ఉంటే. 2025లో రేటు ఎట్టా పడిందో మీకు నేను చెప్పాలా? ఆగస్టులో, అక్టోబరులో, మందులకీ కూలీలకీ చేతిలో రూపాయి లేని నెలల్లో వాయిదా ఆగదు. అప్పుడు నూటికి రెండు వడ్డీకి తెచ్చి బ్యాంకు వాయిదా కట్టాలి. ట్రాక్టరు వాయిదా అయితే ఆరు నెలలకోసారి, పంటను బట్టి పెడతారు. ఈ బండికి అట్టా పెట్టరంట, అడిగా.

"ఖాళీగా ఉన్నప్పుడు కిరాయికి తిప్పుదాం, వాయిదా అదే వచ్చుద్ది" అన్నాడు తమ్ముడు. ఈ మాట దగ్గర నాకు కోపం వచ్చింది. తెల్ల బోర్డు బండిని కిరాయికి తిప్పకూడదు. ప్రైవేటు పాలసీ కాగితంలో కిరాయికి వాడితే చెల్లదని రాసే ఉంటది, చదవం గానీ. మా పక్క ఊళ్లో ఒకాయన అట్టాగే తెల్ల బోర్డు మీద శ్రీశైలం ట్రిప్పులు వేశాడు. ఘాటులో బండి గోడకి కొట్టింది, ఇద్దరికి కాళ్లు విరిగాయి. కిరాయి ఇచ్చామని ఎక్కినోళ్లే చెప్పారు, కంపెనీ చేతులెత్తేసింది, కేసు ఆయన నెత్తిన పడింది. అరెకరం అమ్మాడు. కిరాయికి తిప్పాలంటే పసుపు బోర్డు, పర్మిట్టు, ఫిట్‌నెస్సు, అన్నీ పెట్టుకుని దాన్ని వ్యాపారంగా చెయ్యాలి. అదొక వృత్తి. మిరప తోట చూసుకుంటా సందులో చేసే పని కాదు. పైగా పెళ్లిళ్ల సీజన్లో కిరాయి ఉన్న రోజే మన ఇంట్లో కూడా పెళ్లి ఉంటది. అప్పుడు బండి ఎవరికి?

కాగితాల మాట వచ్చింది గాబట్టి ఇది కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టంలో డ్రైవర్ని తీసేసి ఆరుగురికి మించి ఎక్కే బండిని ఆమ్నిబస్ అంటారు. ఏడు సీట్లది ఆ గీతకి ఇవతల, పది సీట్లది అవతల. అడ్వాన్సు ఇచ్చేముందే ఆర్సీలో ఏ తరగతి రాస్తారు, లైఫు ట్యాక్సు ఎంత, ఇన్సూరెన్సు ఏ లెక్కన అని రవాణా ఆఫీసులో అడిగి రాయించుకోండి. షోరూం వాడి నోటి మాట వద్దు. లైసెన్సుకి మాత్రం భయపడక్కర్లేదు, మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. ఈ బండ్లు దానికి చాలా లోపే ఉంటాయి.

"అన్నదమ్ములిద్దరం చెరిసగం వేసుకుందాం" అన్న మాటా వచ్చింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని పెద్దోళ్లు ఊరికే అనలేదు. మేమిద్దరం ఇప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు. అది అట్టాగే ఉండాలని నా కోరిక. టైరు పంచరైతే ఎవరు వేయించాలి అనే దగ్గర మొదలవుద్ది. దాని సంగతి అంతటితో వదిలేశాం.

ఇంతవరకూ నాదే పైచేయి. దానికి తోడు నేను డైరీ తీశా. నాకు రోజూ రెండు ముక్కలు రాసే అలవాటు ఉంది, మందులు కొట్టిన తేదీలు, కూలీల లెక్క, ఊళ్లకి పోయినవి. నిరుడు మొత్తం తిప్పితే ఆరుగురికి మించి కలిసి పోయిన రోజులు తొమ్మిది. రెండు పెళ్లిళ్లు, ఒక నిశ్చితార్థం, కోటప్పకొండ తిరునాళ్లు, శ్రీశైలం రెండు రోజులు, సంక్రాంతికి ఒకటి, ఒక దినం, ఒక గృహప్రవేశం. మా మండలంలో పన్నెండు సీట్ల బండి డ్రైవరు, డీజిలుతో కలిపి రోజుకి సగటున ఏడు వేలు పడింది. తొమ్మిదేళ్లు అరవై మూడు వేలు. "మూడు లక్షల ముప్పై ఆరు వేలు ఎక్కడ, అరవై మూడు వేలు ఎక్కడ, చెప్పండిరా" అన్నా. ఎవరూ మాట్లాడలా.

మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చింది. ఆమె ఏడో తరగతి. "ఆ డైరీలో పోయిన రోజులే ఉన్నాయి గదా. బండి లేదని పోకుండా ఉన్న రోజులు ఏ పేజీలో రాశావు?" అంది.

నాకు జవాబు రాలేదు. ఆమె వేళ్ల మీద లెక్కబెట్టింది. పిన్ని పడ్డాక అత్తయ్య చెల్లెల్ని చూడాలని ఎన్నిసార్లు అడిగింది? నలభై కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి, ఎక్కలేదు. ఆమెని మోటారు సైకిలు మీద తీసుకుపోలేం. నాలుగుసార్లు అడిగి, తర్వాత అడగడం మానేసింది. మరదలి పుట్టింట్లో సీమంతం, మొగోళ్లు ఇద్దరే పోయొచ్చారు. కోడలు పిల్లకి జ్వరమొస్తే మామూలు ఆటోలో నరసరావుపేట పోయింది, వానలో తడిసి ఇద్దరూ పడుకున్నారు. ఆడోళ్లంతా కలిసి అమరావతి పోదామని కార్తీకంలో అనుకున్నది, కిరాయి మాట ఎత్తగానే నేను "ఈ నెల వద్దు, మందులకి కట్టాలి" అన్నా. అట్టా ఆమె చెప్పినవి పద్నాలుగు తేలాయి. కిరాయి బండి దొరక్క కాదు. దానికి నన్ను డబ్బు అడగాలి. నేను ఏదో ఒకటి చెప్తా. అందుకని అడగలేదు.

"సొంత బండి కావాలని నేను అనట్లేదు. అడగకుండా పోయే దారి ఉండాలంటున్నా" అంది.

నేను ఆ రాత్రి మళ్లీ లెక్క వేశా. తొమ్మిదీ పద్నాలుగూ ఇరవై మూడు రోజులు. అన్నిటికీ పెద్ద బండే కిరాయికి మాట్లాడినా లక్షా అరవై ఒక్క వెయ్యి. అప్పటికీ వాయిదాలో సగం కాలేదు. అంటే పది సీట్ల బండి వద్దన్న నా మాట నిలబడింది. కానీ నేను అరవై మూడు వేలే అన్న లెక్క తప్పు. ఇన్నేళ్లూ ఆ తేడా మిగిలిందనుకున్నా. అది ఆడోళ్లూ ముసలోళ్లూ ఇంట్లో కూర్చుంటే మిగిలిన డబ్బు.

ఇంకోటి గమనించా. ఆ పద్నాలుగులో పదకొండిటికి ఐదారుగురికి మించి లేరు. పదిమంది బండి అక్కర్లేదు. తక్కువ ఎత్తులో, పక్కకి జరిగే తలుపుతో, అమ్మ తనంతట తాను ఎక్కగలిగే చిన్న వ్యాను చాలు.

అందుకని చివరికి మేం చేసింది ఇది. మూడేళ్లు వాడిన ఏడు సీట్ల ఈకో ఒకటి, ఒకే చేతి మీద ఉన్నది, అప్పు లేకుండా కొన్నాం. పది సీట్ల బండికి ముందు కడదామనుకున్న ఐదు లక్షల్లోనే అయిపోయింది, కొంత మిగిలింది కూడా. అదేదో గొప్ప బండి అని నేను చెప్పను. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు గుద్ది చూసినప్పుడు ఎయిర్‌బ్యాగులు లేని ఈకోకి ఒక్క స్టారు కూడా రాలేదు. తర్వాత ఎయిర్‌బ్యాగులు పెట్టారు. పాతది కొనేవాళ్లు ఏ ఏడాది బండి, ఎన్ని ఎయిర్‌బ్యాగులు, ఏ సీటుకి బెల్టు ఉంది అని చూసి తీసుకోండి. నేను పెద్దోడికి చెప్పా, అరవై దాటితే తాళం నా దగ్గర పెట్టుకుంటానని. వెనక వరసలో పెద్దోళ్లు కూర్చోలేరు, ఐదుగురికే లెక్క. దూరాలకీ ఘాటు రోడ్లకీ దీన్ని తీసుకుపోం. దానికి పసుపు బోర్డు బండి, అలవాటున్న డ్రైవరు. శ్రీశైలం అడవిలో రాత్రిపూట గేట్లు వేస్తారు గాబట్టి వేళకి దాటించడం కూడా వాళ్లకే తెలుసు.

పాత బండి కొనేటప్పుడు ఇంకో మాట. పసుపు బోర్డు మీద తిరిగి తెల్ల బోర్డుకి మార్చిన బండ్లు అమ్మకానికి చాలా ఉన్నాయి. మీటరు చూసి మోసపోకండి. సీట్ల కింద బోల్టులు, తలుపు జరిగే పట్టా, క్లచ్చు పెడలు అరుగుదల చూడండి. లోను తీరినట్టు ఆర్సీలో బ్యాంకు పేరు కొట్టేయించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

రెండో పని. మా ఆవిడ పేరు మీద పోస్టాఫీసులో ఒక ఖాతా తీశాం. మిర్చి అమ్మిన రోజున అందులో లక్ష పడాలని మాట. కిరాయి బండికి అదే డబ్బు. ఎవరు ఎక్కడికి పోవాలో ఆడోళ్లు నలుగురూ అనుకుని ఫోన్ చేసి పిలిపించుకుంటారు, నన్ను అడగక్కర్లేదు. ఈ ముక్క మా ఊళ్లో చెప్తే ఒకాయన "పెత్తనం ఇచ్చేశావన్న మాట" అన్నాడు. ట్రాక్టరు డీజిలుకి నేను ఎవరినన్నా అడుగుతున్నానా అని తిరిగి అడిగా.

పెద్దోడికి ఇంకా కొంచెం అసంతృప్తిగానే ఉంది. వాడి స్నేహితుడు పెద్ద బండి తీసుకున్నాడు, వాళ్లింట్లో పాల వ్యాపారం ఉంది, నెల నెలా డబ్బు వస్తది. వాళ్లకి అది సరైన లెక్కే కావచ్చు. డెయిరీ ఉన్నోళ్లు, పిల్లలు జీతం పంపేవాళ్లు, ఇంట్లో పదిమంది వారం వారం కదిలే పని ఉన్నోళ్లు తీసుకోండి, నేను వద్దనను. వానకీ యార్డుకీ ముడిపడి బతికే నాలాంటోళ్లు మాత్రం, పోయిన రోజులు ఒక పక్క, పోలేకపోయిన రోజులు ఒక పక్క రాసి చూసుకోండి. రెండో పక్క రాసేటప్పుడు పెన్ను ఇంట్లో ఆడోళ్ల చేతికి ఇవ్వండి, మనకి అవి గుర్తుండవు.

ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం మా ఇంట్లో ఆగిపోయింది. మొన్న పక్కింటోళ్లు పెళ్లికి ట్రాక్టరు అడిగితే ఇవ్వలేదు, కిరాయి బండికి నా వంతు వెయ్యి ఇస్తానన్నా. కోపమొచ్చింది వాళ్లకి. వస్తే రానీ.

పోయిన ఆదివారం అమ్మని పిన్ని వాళ్ల ఊరు తీసుకుపోయా. తలుపు జరపగానే అమ్మ మెల్లగా తనే ఎక్కి కూర్చుంది. అక్కడ పిన్ని కర్ర పట్టుకుని అరుగు దాకా వచ్చింది. ఇద్దరూ మధ్యాహ్నమంతా గోరుచిక్కుళ్లు ఒలుచుకుంటా కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు పిన్ని బండి చుట్టూ ఒకసారి తిరిగి, వెనక డోరు దగ్గర ఆగి, చేత్తో లాగి చూసింది. గట్టిగా పడిందో లేదో అని. నేనూ ఒకసారి లాగి చూశా.

మీ మండలంలో పన్నెండు సీట్ల బండి రోజు కిరాయి ఎంత నడుస్తుందో కింద రాయండి. మాకు ఏడు వేలు ఎక్కువ పడుతుందేమోనని నా అనుమానం.